నేను ఆఫ్రికా అతిథినైన రోజు

ఒకసారి కప్పిన శాలువాను మళ్లీ తిరిగి అడుగుడు మీరెక్కడన్న చూసిండ్రా? నాకు అయింది. అడిగినాయన ఒక ఊరి సర్పంచి. నాకంటె ఆయనకే ఎక్కువ సిగ్గయింది పాపం. పక్కకు పిలిచి, చెవుల చెప్పినట్టు, "ఏమనుకోకు సారు, గది అసలు ఆఫ్రికోళ్ల కోసమని తెచ్చింది" అన్నడు. నేను తీసి మడత పెట్టిచ్చిన. పూలదండ మాత్రం ఉంచుకొమ్మన్నడు. అది అప్పటికే వాడిపోయింది.

సంగతి మొదటికెల్లి చెప్త. వ్యవసాయ శాఖల కొత్తగ కొలువుకు వచ్చిన పిల్లలు చదువుతరని రాస్తున్న. విత్తనాల గురించి, ఎరువుల గురించి మీకు పుస్తకాలల్ల దొరుకుతది. ఇది దొరకదు.

మాది మానుకోట. కాగితాల మీద మహబూబాబాద్. నేను పుట్టుడే నల్లగ పుట్టిన. మా అక్క ఎర్రగ పుట్టింది. మన దిక్కు తెల్లగున్నోళ్లను ఎర్రగున్నరంటం కద, ఆ ఎరుపు. ఒకే అవ్వ, ఒకే బాపు, ఒకే ఇల్లు. ఇంటికి వచ్చినోళ్లు అక్కను చూసి బుగ్గ గిల్లి పోయేటోళ్లు, నన్ను చూసి మా అవ్వకు శెనగపిండి సంగతి చెప్పి పోయేటోళ్లు. చిన్నప్పుడు నా ఒంటికి పూసిన శెనగపిండితోటి వాడకట్టు మొత్తానికి మిర్చి బజ్జీలు చేయొచ్చు. రంగు మాత్రం ఇసుమంత కదలలేదు.

పెళ్లిచూపులప్పుడు మా ఆమె తరపోళ్లు జర వెనకాముందు ఆడిండ్రు. పిలగాడు ఎండల తిరిగే కొలువు చేస్తున్నడు గనుక గట్లున్నడు, నీడపట్టున కూసుంటె రంగు తేలుతదని మా బాపు వాళ్లకు నమ్మకంగ చెప్పిండు. ఇప్పుడు నేను రిటైరై నీడపట్టుననే కూసున్న. మా ఆమె ఇంకా ఎదురుచూస్తున్నది.

నేను చేసింది ఏఈవో కొలువు, అంటె ఊరూరు తిరిగి రైతులకు సాగు గురించి చెప్పే అధికారి. ఏ మండలంల చేసినా నా అసలు పేరు ఊళ్లెకు రాకముందే నా రంగు వచ్చేది. "నల్లసారు చెప్పిండు" అంటె ఎరువుల దుకాణంల ఎవలకైనా ఎరుకే. ఎక్కువ ఏండ్లు భూపాలపల్లి దిక్కు టేకుమట్లల చేసిన. అక్కడ నాతోటి ఇంకొక ఏఈవో ఉండె, చామనచాయ మనిషి. నేను నల్లసారునైతి గనుక ఆయన ఎర్రసారు అయిండు. ఆయనకు ఆ పేరు మస్తు నచ్చింది, కండ్లద్దాల ఫ్రేము గూడ దానికి తగ్గట్టు మార్చిండు. తర్వాత ఆయనకు జనగామ బదిలీ అయింది. ఏడాది తర్వాత ఒక మీటింగుల కలిస్తె మొఖం చిన్నబోయి ఉన్నది. ఏమైంది అని అడిగిన. జనగామల ఆయన పక్క సీటుకు నిజంగనే పాలలెక్క ఉండే పిలగాడు వచ్చిండట. దాంతోటి ఈయన నల్లసారు అయిండట. బస్సుల రెండు మూడు గంటలు పోతె మనిషి రంగు మారుతదని నాకు అప్పుడే అర్థమైంది.

ఇగ అసలు కథ. నేను కొలువు దిగిపోయే ముందటి వానాకాలం అది.

నా కొలువుల నేను పట్టువట్టి తిప్పినదేమన్న ఉన్నదంటె డ్రమ్ సీడర్. రెండు చక్రాల నడుమ ప్లాస్టిక్ డబ్బాలుంటయి, వాటికి తూట్లుంటయి. మొలకెత్తిన వడ్లు అందుల పోసి దమ్ము చేసిన బురద పొలంల గుంజుకుంట పోతె గింజలు వరుసగ పడుతయి. నారు పోసే పని లేదు, నాటు వేసే పని లేదు. నాట్లకు మనుషులు దొరకని ఈ కాలంల ఇదే దిక్కని నేను టేకుమట్లల కనపడ్డోళ్లందరికి చెప్పేటోన్ని. కొందరు నన్ను చూస్తె తొవ్వ మార్చుకునేటోళ్లు.

ఆ పేరు జనగామ దాక పోయింది. తూర్పు ఆఫ్రికాకెల్లి ఇద్దరు వ్యవసాయ శాస్త్రవేత్తలు శిక్షణ కోసం హైదరాబాద్ వచ్చిండ్రు, వాళ్లకు డ్రమ్ సీడర్ పొలం చూపెట్టాలె, నువ్వు వచ్చి ఇంగ్లీషుల చెప్పాలె అని జనగామ పెద్దసారు నన్ను పిలిపించిండు. పెద్దసారు కోస్తా దిక్కు మనిషి, మంచోడు, కాని ప్రతిదానికి పరేషాన్ అయ్యేటోడు. సినిమాలల్ల ఎన్నో ఏండ్లు మన మాటను చూసి నవ్విండ్రు గనుక మనోళ్లు ఆయన మాటను చూసి నవ్వి లెక్క సరిచేసుకునేటోళ్లు. ఆయన "ఏవండీ" అనంగనే ఆఫీసుల సగం మందికి దగ్గు వచ్చేది.

చూపెట్టే ఊరు జనగామకు దగ్గరనే, దేవరుప్పుల పోయే దిక్కు. ఆ ఊరి ఏఈవో ఒక ఆడపిల్ల, మా బిడ్డ వయసు ఉంటది. కొలువుకు వచ్చి ఏడాదే. పెద్దసారు ఆ పిల్లతోటి ఊళ్లె మీటింగు పెట్టించి చెప్పవలసినయన్ని చెప్పించిండు. వచ్చేటోళ్లను నీగ్రోలు అనొద్దు. వాళ్ల ఎంటికలు ముట్టి చూడొద్దు. అడగకుండ ఫోటోలు దిగొద్దు. రంగు ముచ్చట అసలే తేవొద్దు. అన్ని విన్నంక ఒక ముసలవ్వ లేచి, మరి అందరు ఒక్కసారి బండి దిగితె అందుల ఎవలు ఆఫ్రికోళ్లో మాకెట్ల ఎరుకైతది అని అడిగిందట. ఆ పిల్ల తొందరల ఉండి, "చూస్తె మీకే తెలుస్తదవ్వా" అన్నదట.

ఆ ఒక్క మాటనే కొంప ముంచింది.

ఆ పొద్దు నేను జనగామల రోడ్డు మీద నిలబడి వాళ్ల బండి ఎక్కిన. మా అల్లుని కోటు వేసుకున్న, నా బిడ్డ వినకపోతె. బండ్ల ఇద్దరున్నరు. ఒకామె, నేల గురించి చదివిన శాస్త్రవేత్త, పొడుగు మనిషి, సన్నగ జడలు అల్లుకున్నది. ముందటి రోజే హైదరాబాద్‌ల కొన్న పంజాబీ డ్రెస్సు వేసుకున్నది. నాకంటె ఎంతో ఎర్రగున్నది. ఇంకొకాయన, బొజ్జ, కండ్లద్దాలు, చారల అంగీ. ఆయన తాత తండ్రి గుజరాత్‌కెల్లి ఆఫ్రికాల రైలు పట్టాలు వేయనీకి పోయి అక్కడనే ఉండిపోయిండట. మనిషిని చూస్తె జనగామ బట్టల దుకాణంల గల్లా పెట్టె కాడ కూసున్న సేటు లెక్కనే ఉన్నడు. ఆయన నాకు కానుకగ పూలు కుట్టిన గుండ్రటి టోపీ ఇచ్చిండు. మర్యాదకు అప్పుడే నెత్తిన పెట్టుకున్న.

పెద్దసారు, ఆ పిల్ల ఇద్దరు వెనుక జీపుల వస్తున్నరు. మధ్యల జీపు టైరు పంక్చరైంది. మీరు నడువుండ్రి, మేము వచ్చేస్తం అని పెద్దసారు ఫోన్ చేసిండు. గట్ల డ్రైవర్ను ఇడిస్తె మేము ముగ్గురమే ఊరికి చేరినం. ఊళ్లె నన్ను ఎరిగినోళ్లు ఒక్కలు లేరు.

బండి ఆగంగనే ముందు సీటుకెల్లి నేనే మొదలు దిగిన. కోటు, టోపీ, ఈ రంగు. డప్పులు ఒక్కసారి మొదలైనయి. సర్పంచి ఉరికొచ్చి దండ వేసిండు, శాలువా కప్పిండు, రెండు చేతులు పట్టుకొని ఊపిండు. నేను చెప్పవోయిన. డప్పుల చప్పుడుల నా మాట నాకే ఇనపడలేదు. వెనుకకెల్లి ఆమె దిగింది. హైదరాబాద్ మేడమ్ అనుకొని ఆమెకు ఎవలో మంచినీళ్ల బాటిల్ ఇచ్చి పక్కకు నిలబెట్టిండ్రు. ఆయన దిగిండు. బొజ్జ చూసి, కండ్లద్దాలు చూసి, ఈయననే జిల్లా పెద్దసారు అని తీర్మానం చేసిండ్రు. ఒక రైతు ఆయనను టెంటు కిందికి తీస్కపోయి కుర్చీల కూసోబెట్టి, తన బాయి కాడి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిన కథ మొదలు పెట్టిండు. ఆయనకు తెలుగు ఒక ముక్క రాదు. మర్యాదకు తల ఊపిండు. ఆయన తల ఊపినకొద్ది రైతుకు ధైర్యం వచ్చి ఇంకో ముచ్చట చెప్పిండు.

డప్పులు ఆగినయి. ఇప్పుడన్న చెప్దామంటె బడిపంతులు ముందుకు వచ్చిండు. ఇంగ్లీషుల స్వాగతం చెప్పనీకి ఎన్ని రోజులు బట్టీ పట్టిండో, కండ్లు మూసుకొని చెప్తున్నడు. మీ ఖండానికి, మా ఊరికి స్నేహం ఎన్నటికి ఉండాలని అంటున్నడు. మధ్యల ఆపితె మొత్తం మర్చిపోతడని ఆయన మొఖం చూస్తెనే తెలుస్తున్నది. ఆపబుద్ధి కాలేదు.

శాస్త్రవేత్త ఆమెకు అప్పటికే సంగతి సమజైంది. నోటికి చున్నీ అడ్డం పెట్టుకొని నవ్వుతున్నది. నా పక్కకు వచ్చి ఇంగ్లీషుల మెల్లగ అన్నది. "వచ్చినకాడికెల్లి ఎక్కడికి పోయినా అందరు నన్నే చూస్తున్నరు. దయచేసి జర సేపు మిమ్ములను చూడనియ్యిండ్రి."

ఆమె అట్ల అడిగినంక ఇగ నేను ఎట్ల చెప్పాలె? నిజం చెప్పాలంటె నాకు గూడ బాగనే ఉండె. నా రంగును చూసి దండ వేసింది జన్మల అదే మొదటిసారి.

పొలం దిక్కు నడిచినం. నా వెనుక ఊరి ఆడోళ్లు వస్తున్నరు. రంగు ముచ్చట తేవొద్దన్న మాట వాళ్లు మర్చిపోలేదు, కాని నాకు తెలుగు రాదు కద, ఇగ తెస్తె ఏంది? నల్లగున్నా మొఖంల కళ ఉన్నదని ఒకామె అన్నది. పండ్లు చూడు, ఎంత తెల్లగున్నయో అని ఇంకొకామె. గంత దూరంకెల్లి వచ్చిండు, పెండ్లాం ఏమన్న వండిపెట్టి పంపిందో లేదో అని ఒకామె బాధపడ్డది. మీటింగుల ప్రశ్న అడిగిన ముసలవ్వ నన్ను పక్కకెల్లి మంచిగ చూసి, "అచ్చం మా ఆడిబిడ్డ మొగని లెక్కనే ఉన్నడు. ఆఫ్రికాల గూడ మనసొంటి మొఖాలే ఉంటయి గావచ్చు" అన్నది. నేను నవ్వు ఆపుకోలేక శాలువా మొఖానికి అడ్డం పెట్టుకున్న. చెమట తుడుచుకుంటున్న అనుకొని పాపం ఎండ అలవాటు లేదేమో అన్నరు.

ఒడ్డు మీద నిలబడి పొలం చూసిన. వరుసలు మంచిగున్నయి. మరీ మంచిగున్నయి. డ్రమ్ సీడర్ తోటి వేస్తె వరుస సక్కగనే ఉంటది కాని వరుసల మధ్యల ఒక్కకాడ దట్టంగ, ఒక్కకాడ పలుచగ వస్తది. ఇక్కడ కుదురుకు కుదురుకు నడుమ జానెడు జాగ కొలిచి పెట్టినట్టున్నది. నా మనసుల ఏదో కొట్టింది. పొలం రైతు, యాభై దాటిన మనిషి, చేతులు కట్టుకొని తలవంచుకొని నిలబడ్డడు.

శాస్త్రవేత్త ఆమె సెల్‌ఫోన్‌ల వీడియో తీసుకుంట ప్రశ్నలు అడుగుతున్నది. బడిపంతులు రైతుకు తెలుగుల చెప్తున్నడు. ఎన్నిసార్లు కలుపు తీసిండ్రు? ఒక్కసారి మేడమ్. ఏమన్న తిప్పలయిందా? ఏం కాలేదు మేడమ్. ఆమె ఆ మాటలు రాసుకుంట, మా దగ్గర నాట్లు, కలుపులు అన్ని ఆడోళ్లే చేస్తరు, ఇట్లాంటిది పోయి చెప్తె వాళ్లకు ఎంత ఆసానో, ఈసారి పోంగ మిషన్లు తీస్కపోతం అని నాతోటి మెల్లగ, సంబురంగ అంటున్నది.

నా వెనుక ముసలవ్వ చిన్నగ నవ్వింది. "మేము వంగి నాటేసిన పొలం చూపెట్టి మిషన్ పొలమంటున్నరు గద."

పక్కామె మెల్లగ మాట్లాడమన్నది.

"ఏ, గాయనకు మన మాట వస్తదా ఏంది" అని అవ్వ మొత్తం చెప్పుకొచ్చింది. రైతు నిజంగనే డ్రమ్ సీడర్ తోటి వేసిండు. వేసిన తెల్లారి పెద్దవాన పడ్డది. గింజలు కొట్టుకపోయి ఒక మూలకు చేరినయి. మిగిలిన జాగల ఊదగడ్డి లేచి పొలం ఏదో గడ్డి ఏదో తెలియకుండ కమ్ముకున్నది. ఆ పిల్ల అప్పుడు ఏదో ట్రైనింగుకు పోయి ఊళ్లె లేదు. సర్కారు మనుషులు చూడవస్తున్నరు, పొలం గిట్ల చూస్తె ఆ పిల్ల ఇజ్జత్ పోతదని రైతు దున్నిపిచ్చి, తన అన్న పొలంకెల్లి మిగిలిన నారు తెచ్చి, తాడు పట్టి ఈ ఆడోళ్లతోటి నాటు వేయించిండు. ఆ పిల్లకు గూడ చెప్పలేదు.

నాకు చెమట నిజంగనే పట్టింది. చెప్తె ఆ పిల్లకు మెమో వస్తది. రైతు మర్యాద పోతది. చేసింది పాపమేం కాదు, ప్రేమతోటి చేసిండు. చెప్పకుంటె ఈమె ఈ వీడియో పట్టుకపోయి సముద్రం అవతల ఎవరో ఆడోళ్లకు చూపెడతది. వాళ్లు మిషన్ గుంజి, వాన పడ్డంక, మోకాలెత్తు గడ్డిల వంగి కూసుంటరు. తిట్టుకునేది మన జనగామనే, అది వేరే ముచ్చట. ఇంకొకటి గూడ ఉన్నది. ఇన్నేండ్లు ఈ మిషన్ను మోసింది నేను. ఏ రైతు నాతోటి గిట్ల ఓడిపోయిన సంగతి చెప్పలేదు. సారు వచ్చిండంటె అందరు మంచిగనే ఉన్నదనేటోళ్లు. ఇప్పుడు నేను సారును గాదు, తెలుగు రాని పరాయోన్ని. అందుకే నిజం నా చెవుల పడ్డది.

టోపీ తీసిన. వెనుకకు తిరిగిన.

"అవ్వా, ఊద ఎన్నో రోజుకు లేచింది?" అని అడిగిన.

సర్పంచి నోరు తెరిచినోడు తెరిచినట్టే ఉన్నడు. బడిపంతులు నా దిక్కు చూసి, చెప్పిన ఇంగ్లీషంతా వృథా అయిందన్నట్టు మొఖం పెట్టిండు. ముసలవ్వ నా దగ్గరికి వచ్చి, నా మొఖంల మొఖం పెట్టి చూసింది.

"తెలుగు వస్తదా నీకు?"

"వస్తదవ్వా. మాది మానుకోట."

"మరి గింత నల్లగున్నవేంది బిడ్డా?"

ముందు ఎవరో ఆడామె కిసుక్కుమన్నది. తర్వాత ఒడ్డు మొత్తం నవ్వు. డప్పులోళ్లు నవ్విండ్రు, పొలం రైతు గూడ తలవంచుకునే నవ్విండు. ఏం జరుగుతున్నదో తెలియకున్నా శాస్త్రవేత్త ఆమె గూడ నవ్వింది. గప్పుడే జీపు వచ్చింది. పెద్దసారు దిగి చూస్తె నా మెడల దండ ఉన్నది, ఒక అతిథి అవతల టెంటు కింద ఇంకా ట్రాన్స్‌ఫార్మర్ కథ వింటున్నడు, ఇంకొక అతిథి చేతుల మంచినీళ్ల బాటిల్ పట్టుకొని ఒడ్డు మీద ఒక పక్కకు నిలబడ్డది. ఆయన మొఖం చూసి నాకు మొదటిసారి ఆయన మీద జాలి, పావురం రెండు పుట్టినయి. గప్పుడే సర్పంచి నన్ను పక్కకు పిలిచి శాలువా అడిగిండు.

నవ్వులు అయినంక నిజం మిగిలింది. నేనే పెద్దసారుకు చెప్పిన, దాచిపెట్టకుండ. ఆ పిల్ల కండ్లల్ల నీళ్లు తిరిగినయి. రైతు దిక్కు చూసి, "నాకు చెప్తె బాగుండు కద మామా" అన్నది. ఆయన, "మొదటి ఏడాదే బిడ్డా, నీకు చెడ్డపేరు వస్తదనుకున్న" అన్నడు. పెద్దసారు కోపం చేస్తడని అందరం చూస్తున్నం. ఆయన జేబురుమాలు తీసి కండ్లద్దాలు తుడుసుకుంట నిలబడ్డడు.

నేను శాస్త్రవేత్త ఆమెకు మొత్తం ఇంగ్లీషుల చెప్పిన. ఆమె కోపం చేయలేదు, వీడియో మాత్రం ఆపింది. చెడిపోయిన జాగ ఏమన్న మిగిలిందా అని అడిగింది. ముసలవ్వ ఆమె చేయి పట్టుకొని పొలం మూలకు తీస్కపోయింది. నారు సరిపోక ఒక మూల అట్లనే వదిలేసిండ్రట. అక్కడ గడ్డి నడుమ సన్నగ వరి కనపడ్డది. ఆమె పంజాబీ డ్రెస్సు పైకి దోపుకొని బురదల దిగింది. గడ్డి పీకి వేర్లు చూసింది, నీళ్లు ఎటు పోతయో అడిగింది, పొలం చదును ఎట్ల చేసిండ్రో అడిగింది. మంచి పొలం కాడ నిలబడ్డ దానికంటె ఎక్కువ సేపు ఆ మూల కాడ ఉన్నది. రైతు ఇప్పుడు తలెత్తి మాట్లాడుతున్నడు. ఆ పిల్ల పక్కన నిలబడి వానకు ముందు నీళ్లు తీసే కాలువ ఉంటె ఎట్లుండునో చెప్తున్నది. ఒడ్డు ఎక్కినంక ఆమె పెద్దసారుతోటి అన్నది. మా దగ్గర గూడ అందరు మంచి పొలమే చూపెడతరు, ఎక్కడ పోయినా మంచిదే చూసిన, చెడిపోయింది చూపెట్టిన ఊరు మీదే మొదటిది, మీకు కృతజ్ఞత చెప్పాలె.

పెద్దసారు కండ్లద్దాలు పెట్టుకున్నడు. మెమో మాట ఎత్తలేదు. "అవునండీ, మేం కావాలనే ఇలాంటివి కూడా చూపిస్తామండి" అన్నడు ఇంగ్లీషుల. అంత నిబ్బరంగ అబద్ధమాడుడు నేను ఆయన దగ్గర అంతకుముందు చూడలేదు. అప్పటికెల్లి ఎక్కడ కలిసినా ఆయన "ఏవండీ" అంటె నాకు దగ్గు రాలేదు.

భోజనాల కాడ ముసలవ్వ శాస్త్రవేత్త ఆమె పక్కనే కూసున్నది. మీటింగుల చెప్పిన కట్టుబాట్లన్ని అప్పటికి గాలికి పోయినయి. మీ ఊళ్లె నిన్ను ఏమంటరు బిడ్డా, నల్లదంటరా అని అవ్వ అడిగింది. నేను తర్జుమా చేయాల్నా వద్దా అని చూస్తున్న. ఆమె చేయమన్నది. విని నవ్వింది. వాళ్ల భాషల తెల్లగున్నోళ్లకు ఎర్రోళ్లని పేరట. తమ ఇంట్ల తనే అందరికంటె ఎర్రదట. చిన్నప్పుడు వాళ్ల అమ్మ ఎండకు పోనిచ్చేది గాదట, ఎరుపు పోతదని.

"చదువుకోనీకి యూరప్ పోయిన. ఇంట్ల ఎర్రదాన్ని అయి విమానం ఎక్కిన, అక్కడ నల్లదాన్ని అయి దిగిన" అన్నది. "నడుమ మబ్బులల్ల ఏమైందో నాకిప్పటికి తెలియదు."

బొజ్జాయన అన్నం కలుపుకుంట తన సంగతి చెప్పిండు. వాళ్ల దేశంల ఆయన నాలుగో తరం, అయినా ఇప్పటికీ ఇండియావోడే. ఇండియాకు వస్తె ఆఫ్రికావోడు. ఇక్కడ ఒక రైతు తన కష్టం చెప్పుకున్నడు కద, ఏ దేశంల గాని తనను ఒక మనిషి అట్ల మనోడే అనుకొని పట్టుకునుడు ఇదే మొదటిసారట. ఆ ట్రాన్స్‌ఫార్మర్ సంగతి ఏందో జర చూడుండ్రి అని పెద్దసారుకు మరీమరీ చెప్పిండు. పెద్దసారు కరెంటోళ్ల చుట్టు తిరిగి అది పెట్టించిండు. ఆ ఊళ్లె మాత్రం ఇప్పటికి అది లావుసారు పెట్టించిందనే అంటరు. పెద్దసారు దానికి జర బాధపడ్డడు.

ముసలవ్వ అందరి మాటలు విన్నది. విని, నా దిక్కు చూసి, "ఆమె ఎర్రది, నువ్వు నల్లోనివి, ఆయన మనోడు. గట్లయితె ఆఫ్రికోళ్లు ఎవలు రాలేదా?" అని అడిగింది. బూంది లడ్డు నోట్ల పెట్టుకున్న సర్పంచికి పొలమారింది. ఆ ప్రశ్న ఇన్నేండ్ల సంది నా నెత్తిల తిరుగుతున్నది. పుస్తకాలల్ల మనుషులను ముక్కులు కొలిచి, ఎంటికలు కొలిచి జాతులుగ రాసిండ్రని మేము బడిల చదువుకున్నం, బొమ్మలు గూడ ఉండేటివి. ఆ రాసినోళ్లల్ల ఒక్కలన్న ఒక పూట ఆ ఒడ్డు మీద నిలబడి ఉంటె ఎవరికి దండ వేస్తురో చూడాలని ఉన్నది నాకు.

తర్వాత ఏమైందంటె, ఆ పిల్ల మరుసటి వానాకాలం అదే రైతు పొలంల మళ్లీ మిషన్ తోటి వేయించింది. ఈసారి పొలం చదును చేయించి, నీళ్లు పోయే కాలువలు తీయించి, గడ్డి మొలకెత్తకముందే మందు కొట్టించింది. అంత గొప్పగ రాలేదు, కాని వచ్చింది. వచ్చినంత వచ్చిందని ఆ రైతే పదిమందికి చెప్పిండు. నేను అప్పటికి రిటైరై మానుకోటల ఉన్న. ఆ పిల్ల ఫోన్ చేసి చెప్తె, నా పొలమే పండినంత సంబురమయింది.

శాస్త్రవేత్త ఆమె గూడ ఎప్పుడన్న ఫోన్ చేస్తది. మొన్నొక పొద్దు వీడియో కాల్ చేసింది. వాళ్ల దగ్గర ఒక ఊరి పొలంల ఉన్నది. మిషన్లు చేరినయట, మొదటిసారి గుంజుతున్నరు, నన్ను చూడమన్నది. బురద, ఒడ్డు, కొంగలు, వంగి చూస్తున్న ఆడోళ్లు. దేవరుప్పుల తొవ్వల ఉన్నట్టే ఉన్నది. ఆమె ఫోన్ అందరికి చూపెట్టింది. నేను చేయి ఊపిన. ఒక ముసలాయన ఫోన్ గుంజుకొని, కండ్లకు దగ్గర పెట్టుకొని, నన్ను మస్తు సేపు చూసి వాళ్ల భాషల ఏదో అడిగిండు. ఆమె నవ్వుకుంట చెప్పింది. మన దిక్కు మీరేమిటోళ్లు అని అడిగినట్టే, ఈయన ఏ ఇంటోడు, ఏ ఊరోడు, ఎప్పుడు పోయిండు అంత దూరం అని అడుగుతున్నడట.

మానుకోట అని చెప్పమన్న.

ఆమె చెప్పింది. ముసలాయన ఆ పేరును రెండుసార్లు పలికి చూసుకున్నడు. జర ఆలోచించిండు. తల ఊపుకుంట ఆమెకు ఏదో చెప్పి, ఫోన్ ఇచ్చేసి మళ్లీ పొలం దిక్కు పోయిండు.

ఏమన్నడని అడిగిన.

"ఆ ఊరు తెల్సట" అన్నది ఆమె. "గుట్ట అవతల ఉంటదట."